ప్రభుత్వ శాఖల్లో ఇంటర్న్‌షిప్: ఎవరు అర్హులు? స్టైపెండ్ ఇస్తారా?

సివిల్స్, గ్రూప్-1 లక్ష్యంగా పెట్టుకున్న డిగ్రీ విద్యార్థులకు ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు ఎలా కదులుతుందో దగ్గరి నుంచి చూసే అవకాశం ఇంటర్న్‌షిప్. అయితే అన్నిచోట్లా డబ్బులివ్వరు. దరఖాస్తుకు ముందే ఈ విషయాలు తెలుసుకోండి.

నీతి ఆయోగ్‌లో ఎలా?

డిగ్రీ రెండో ఏడాది (నాలుగో సెమిస్టర్) పరీక్షలు రాసి, ఇంటర్‌లో కనీసం 85 శాతం మార్కులున్నవారు అర్హులు. పీజీ విద్యార్థులైతే మొదటి ఏడాది పరీక్షలు రాసి ఉండాలి, డిగ్రీలో 70 శాతం రావాలి. ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ వరకే ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. వ్యవధి 6 వారాల నుంచి 6 నెలలు. స్టైపెండ్ ఉండదు. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి. అంటే ఢిల్లీలో అద్దె, భోజనం ఖర్చు మొత్తం ఇంటి నుంచే రావాలి. చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే.

డబ్బులిచ్చేవి లేవా?

ఉన్నాయి. విదేశాంగ శాఖ నెలకు రూ.10,000 గౌరవ వేతనంతోపాటు రానుపోను విమాన ఛార్జీ ఇస్తుంది. కానీ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

సొంత ఊళ్లోనే చేయొచ్చా?

పట్టణ స్థానిక సంస్థలు, స్మార్ట్ సిటీల్లో తాజా పట్టభద్రుల కోసం కేంద్రం 2020లో 'ట్యులిప్' కార్యక్రమాన్ని తెచ్చింది. స్టైపెండ్ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా సంస్థల ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినప్పుడు, మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. గ్రామంలోనో, వార్డులోనో ఇంటింటి సర్వే చేసి, ఒక సమస్యపై నివేదిక రాయాలి. దీన్ని కాపీ కొట్టి ముగించకుండా సొంతంగా చేస్తే, రేషన్, పింఛన్, తాగునీటి సమస్యలు ప్రత్యక్షంగా తెలుస్తాయి.

ఉద్యోగానికి పనికొస్తుందా?

సర్టిఫికెట్‌కు యూపీఎస్సీ అదనపు మార్కులేమీ ఇవ్వదు. ఉద్యోగ హామీ కూడా లేదు. కానీ సివిల్స్‌లో ఇంటర్వ్యూకు 275 మార్కులు. అక్కడ స్వయంగా చూసింది చెప్పగలగడం మేలు చేస్తుంది. ఈ ఉద్యోగం మనకు సరిపడుతుందా అన్నది కూడా ముందే అర్థమవుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

• పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ప్రధానంగా పెద్ద కంపెనీల్లో శిక్షణ కోసం. ప్రభుత్వ కార్యాలయాల కోసం కాదు.
• సెలవుల తేదీలు చూసుకొని, కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి.
• 'సీటు ఖాయం' అంటూ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి.