54 ఏళ్లకి వచ్చిన సారీ

డ్రెడ్‌లాక్స్ అనగానే మనకి బాబ్ మార్లే టీషర్టే గుర్తొస్తుంది కదా! జమైకాలోని రాస్తఫారీ మతం వాళ్లకి మాత్రం అది ఫ్యాషన్ కాదు, మొక్కుబడి. బైబిల్లో సంఖ్యాకాండం 6వ అధ్యాయం చూడండి: మొక్కుకున్నవాడి తలమీద మంగలికత్తి పడకూడదు. అందుకే దువ్వరు, కత్తిరించరు. కడగరనుకుంటే పొరపాటే. కలబంద గుజ్జుతో రుద్ది కడిగేవాళ్లూ ఉన్నారు. లోపలిదాకా ఆరకపోతే వాసనొస్తుంది మరి. నడుముదాకా పెరగాలంటే ఏళ్లు పడుతుంది.

1963 ఏప్రిల్ 11న, మాంటెగో బే దగ్గర కోరల్ గార్డెన్స్‌లో కొద్దిమంది ఒక పెట్రోల్ బంకుకి నిప్పుపెట్టారు. ఆ గొడవలో పోలీసులతో కలిపి 8 మంది చనిపోయారు. తర్వాత ఏ సంబంధమూ లేని రాస్తాలని కూడా పట్టుకుని, కొట్టి, జైల్లో పడేసి, జడలు కోసేశారు.

ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2017లో. అప్పటికే చాలామంది బాధితులు పోయారు.