ఉబ్బసమునకు రెండు మందులు

1956లో అమెరికాలోని రైకర్ కంపెనీ ఉబ్బస రోగులకొక చిన్న పరికరమును అందించినది. నొక్కగనే కొలత ప్రకారము మందు తుంపరగా వెలువడును. దానిని ఊపిరితో పీల్చవలెను. అందలి ఐసోప్రినలిన్ బిగిసిన శ్వాసనాళములను నిమిషములలో సడలించెడిది. మేలు వెంటనే తెలియుటచే రోగులు దానిని జేబునుండి విడువలేదు.

కాని ఆయాసము తీరినంతనే వ్యాధి తగ్గినట్లు కాదు. శ్వాసనాళముల లోపలి పొర వాచియుండును. ఆ వాపును అణచు బెక్లోమెథాసోన్ అను స్టెరాయిడ్ 1972లో బ్రిటన్‌లో పీల్చు మందుగా వచ్చినది. దీనిని ప్రతిదినము వాడవలెను. పూర్తి గుణము కనబడుటకు వారములు పట్టును.

చిక్కు ఇచ్చటనే వచ్చినది. పీల్చినప్పుడు మేలేమియు తెలియదు. బాగున్ననాడు మందెందుకని తోచును. స్టెరాయిడ్ అను పేరే కొందరికి భయము. ఖరీదు కొందరికి భారము. అందుచే పెద్దలలో పలువురు వాపు మందును మాని, ఊరట మందునే నమ్ముకొనిరి. లోని వాపు అట్లే యుండగా, ఒకనాటి ఆయాసము ప్రాణాంతకము కావచ్చును.

2019లో ‘గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా’ సంస్థ, పెద్దలు త్వరగా పనిచేయు ఊరట మందును మాత్రమే వాడు పద్ధతి తగదని ప్రకటించినది. వాపును అణచు స్టెరాయిడ్‌ను, వెంటనే ఊరటనిచ్చు ఫార్మోటెరాల్‌ను ఒకే పరికరమున కలిపి వాడుమని సూచించినది. ఊరటకై పీల్చినప్పుడెల్ల, మరచిన మందు కూడ లోనికి చేరును.