గడియలు, గంటలు, సెకన్లు: మన బళ్లారి పెద్దల పుట్టిన వేళ ఎంత?

పాత వంశావళులు, జాతకాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న మన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

గడియారం అనే మాటలోనే గడియ ఉంది. రోజుకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు. అంటే గడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. రెండున్నర గడియలు ఒక గంట. "ఉదయాది 12 గడియల 30 విఘడియలు" అని రాసి ఉంటే సూర్యోదయమైన 5 గంటలకు అని అర్థం. ఆ రోజు పొద్దు 6.15కి పొడిస్తే, వేళ 11.15. అయితే ఆ సూర్యోదయం బళ్లారిదే కావాలి. విజయవాడలో మనకంటే సుమారు పావుగంట ముందే పొద్దు పొడుస్తుంది.

ఇక గడియారం సంగతి. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసేదాకా మనది మద్రాసు పాలన. రైళ్లు మద్రాసు సమయంతో నడిచేవి. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల పైచిలుకు ముందు. 1906 జనవరి 1 నుంచి ఐదున్నర గంటల భారత కాలమానం వచ్చింది. బళ్లారి సూర్యుడి లెక్కకు ఇది సుమారు 22 నిమిషాలు ముందు నడుస్తుంది.

అసలు చిక్కు యుద్ధకాలంలో ఉంది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు. 1943లో పుట్టిన పెద్దాయన వేళను గడియారం చూసి ఉదయం 7.30 అని రాసి ఉంటే, నేటి లెక్కలో అది 6.30. ఆ గంట తీయకపోతే లగ్నమే మారిపోవచ్చు.

కంప్యూటర్ కాలాన్ని సాధారణంగా 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. అంతకు ముందువి మైనస్ అంకెలు. మన కాలమానానికి 19,800 సెకన్లు కలపాలి. 1943కి మాత్రం 23,400. అందుకే 19,800ను ప్రోగ్రాంలో చేత్తో రాసేయకండి. టైమ్ జోన్ డేటాబేస్‌లో ఆసియా/కోల్‌కతా అన్న పేరు కింద ఈ మార్పులన్నీ ఉన్నాయి, దాన్నే వాడండి. కొన్ని భాషలు సెకన్లు కాక మిల్లీసెకన్లు ఇస్తాయి, వెయ్యితో భాగించడం మరవద్దు.

చివరిగా ఒక విన్నపం. మార్చిన గంటలు ఒక గడిలో రాస్తే, తాతగారు రాసిన గడియలు ఉన్నవి ఉన్నట్టు పక్క గడిలో ఉంచండి. లెక్క తప్పితే మళ్లీ వేసుకోవచ్చు. అసలు రాత పోతే అడగడానికి ఆ పెద్దలు లేరు.