మిన్నల్లి మెడలో బంగారు గొలుసు

పోయిన సంక్రాంతికి మనవడు ఫోన్ పట్టుకొచ్చి, "తాతయ్యా, మిన్నల్లి మనిషంత ఉంటే చార్మినార్ మీంచి దూకేస్తుందట!" అన్నాడు. ముప్పయ్యేళ్లు జువాలజీ చెప్పిన నోరు ఊరుకుంటుందా?

ఈ వింత ఫోన్లలో పుట్టింది కాదు. దీని మీద పొట్ట పోసుకున్నవాళ్లున్నారు. 1578లో లండన్ కమ్మరి మార్క్ స్కాలియట్ పదకొండు లోహపు ముక్కలతో బుల్లి తాళం చేసి, 43 లింకుల బంగారు గొలుసు తగిలించి, మిన్నల్లి మెడకు కట్టాడు. అది అంతా ఈడ్చుకుపోయింది. పురుగుతో సహా మొత్తం ఒకటిన్నర గ్రెయిను, అంటే గురిగింజంత బరువు కూడా లేదు. ఆయన చూపించుకున్నది తన పనితనం, పురుగు బలం కాదు.

1830ల్లో ఇటలీవాడు బెర్టొలొటో లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో దాన్నే టిక్కెట్టు ఆట చేశాడు. మిన్నల్లులు బండ్లు లాగాయి. శిక్షణ అని పేరు గానీ, విద్యంతా తీగలో ఉంది. సన్నని తీగను మెడకు ఉచ్చులా వేయాలి. బిగిస్తే రక్తం మింగలేక చస్తుంది, వదిలితే జారిపోతుంది. ఆ పైన అది తప్పించుకోడానికి గింజుకోవడమే మనం చూసే ఆట. మేత యజమాని ముంజేయి! న్యూయార్క్‌లో ఇదే ఆట ఆడించిన హెక్లర్ కూడా అలాగే మేపాడు. తర్వాత ఇళ్లలోకి వాక్యూమ్ క్లీనర్లొచ్చాయి, ఆటగాళ్లకు మిన్నల్లులే కరువయ్యాయి.

ఇంతకీ ఆ బలం ఎక్కడిది? పొడవు పదింతలైతే కండ అడ్డుకోత వైశాల్యం, దాంతో బలం వందింతలే, బరువు మాత్రం వెయ్యింతలు. చిన్నదానికి మోయాల్సిన ఒళ్లే తక్కువ. గెలీలియో 1638లోనే ఎముకల బొమ్మ గీసి మరీ చెప్పాడు. 1926లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దీని మీదే చక్కటి వ్యాసం రాశాడు. ఆ భారీ మనిషి చివరికి మన దేశ పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. వీలునామా ప్రకారం దేహం మా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది.

"మరి చార్మినార్?" అన్నాడు మనవడు.

"మిన్నల్లి పైకి ఎగిరేది దాదాపు జానెడే. మనిషంత అయితే, ఆ పుల్లకాళ్ల మీద ముందు లేచి నిలబడమను."