ఖర్సు కింద మేము

మా నాయిన లెక్కల పుస్తకంలో ప్రతి పేజీకీ నడిమిట్ల నిలువుగీత ఉంటుంది. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మొన్న మెట్‌పల్లి దగ్గరి మా ఊరికి పోయినప్పుడు అటక మీంచి దించి చూశాను. కుడివైపు ఎరువులు, కూలీలు, పెద్దబిడ్డ పెండ్లి, చిన్నబిడ్డ ఫీజు. ఆ చిన్నబిడ్డను నేనే. ఎడమవైపు మక్కలు, పసుపు అమ్మిన డబ్బులు, అన్న పంపిన దుబాయి పైసలు. అమ్మ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని చుట్టిన బీడీల కూలి ఏ వైపూ లేదు. జమ కాకుండానే అది ఉప్పుకూ, నూనెకూ, మా నోటుబుక్కులకూ పోయేది. అడిగితే, "అవేం పైసలే బిడ్డా, చేతి ఖర్సులకు" అంది.

ఈ 'ఖర్సు' అరబ్బీలో పుట్టి పారశీకం, ఉర్దూల మీదుగా కచేరీ మాటగా మనకొచ్చింది. మూలధాతువుకు బయటికి వెళ్లడమని అర్థం. కేసు 'ఖారిజు' అయిందంటామే, అదీ ఆ తల్లి బిడ్డే. తెలుగులో 'వెచ్చం' ఉంది, వ్యయానికి తద్భవం. దుకాణంలో తెచ్చుకునే వెచ్చాలు అందులోంచి వచ్చినవే. 'సెలవు' అన్నా ఒకప్పుడు ఖర్చే. బ్రౌన్ నిఘంటువు (1852) ఆ అర్థం కూడా ఇచ్చింది, తమిళులు ఇప్పటికీ అట్లాగే వాడతారు. దాని మూలంలోనూ వెళ్లడమే ఉంది. సంబంధం లేని రెండు భాషా కుటుంబాలు ఖర్చును బయటికి పోయేదిగానే చూశాయన్నమాట.

బయటికి పోయేదంటే ఆడపిల్లే కదా. "మందింటికి పోయే పిల్లకు సదువు దండుగ" అనేది నిర్మల్ వైపు మా అమ్మమ్మ. దండుగంటే మొదట జరిమానా. తర్వాత వృథా అయింది. ఏ తప్పుకు జరిమానానో అమ్మమ్మను అడగాలని అప్పుడు తోచలేదు.

చేతి ఖర్చు అందరికీ ఒకటే కాదు. నిజాం సొంత ఖర్చులకు ప్రత్యేకించిన భూముల పేరు 'సర్ఫేఖాస్'. సర్ఫ్ అంటే ఖర్చు, ఖాస్ అంటే సొంతం. 1949లో దివానీలో కలిపేదాకా ఆయన చేతి ఖర్చుకు ఊళ్లకు ఊళ్లే శిస్తు కట్టాయి. మా అమ్మ చేతి ఖర్చు ఆమె కష్టార్జితమే, దానితో తిన్నది మాత్రం ఇల్లంతా!

పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో ఇట్లాంటి అమ్మలు ఎందరో. ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966 చట్టం ఒప్పుకుంది. మా ఇంటి పుస్తకం ఒప్పుకోలేదు. నాయిన చెడ్డవాడు కాదు, తాగుబోతూ కాదు. ఆయన నేర్చుకున్న లెక్కలో ఆ కూలికి గడి లేదు, అంతే.

ఇన్నేళ్లలో ఎంత సంపాదించి ఉంటావని అమ్మను అడిగాను. వెయ్యి బీడీలకు ఎప్పుడెంత ఇచ్చారో చెప్పింది కానీ మొత్తం ఎన్నడూ కూడలేదంది. బాగాలేవని కార్ఖానాలో తీసి పక్కన పడేసిన కట్టలు మాత్రం ఆమెకు బాగా గుర్తున్నాయి.