బాకీ మీరినప్పుడు అప్పిచ్చినవారికి ఏమని వ్రాయాలి?

కోయంబత్తూరు నుండి పొల్లాచ్చికి పోయే దారిలోని కినత్తుకడవు కొబ్బరితోటల ప్రాంతం. 2016లో పొల్లాచ్చి వైపు బయటపడిన సర్పిలాకార తెల్లదోమ, ఆపైన వేరు వాడు తెగులు ఇక్కడి రైతుల రాబడిని దెబ్బతీశాయి. రాబడి తగ్గినా సహకార సంఘపు పంట అప్పు, నగల తాకట్టు, మహిళా బృందపు కంతు, ప్రైవేటు వడ్డీ ఆగవు. కంతు తప్పగానే చాలామంది చేసే పని మొగం చాటేయడం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించేది ఇదే.

బ్యాంకు లెక్కలో కంతు మీరి 90 రోజులు దాటితే ఆ అప్పు నిరర్థక ఆస్తి అవుతుంది. స్వల్పకాలిక పంటల అప్పుకు రెండు పంటకాలాలు, దీర్ఘకాలిక పంటలకు ఒక పంటకాలం గడువు ఉంటుంది. ఆ గీత దాటక మునుపే శాఖ మేనేజరుకు వ్రాసిన జాబుకు విలువ ఎక్కువ. దానిలో అప్పు ఖాతా సంఖ్య, తప్పిన కంతులు, కారణం, ఇప్పుడు కట్టగలిగిన మొత్తం, మిగిలినది కట్టగల తేదీ ఉండాలి. కష్టాల కథ రెండు వాక్యాలు చాలు. కట్టలేని మొత్తాన్ని మొహమాటానికి ఒప్పుకోరాదు. మాట రెండవసారి తప్పితే తరువాతి జాబును ఎవరూ నమ్మరు.

ఇంట తెలుగు, బడిలో తమిళం నేర్చిన కుటుంబాలు ఈ జాబును తమిళంలో వ్రాయడమే మేలు. అసలు, వడ్డీ, బాకీ అనే మాటలు ఉచ్చారణలో కొద్ది మార్పుతో రెండు భాషల్లోనూ ఒకటే. వాయిదా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. తమిళంలో ‘వాయ్దా’ అంటే ముందుగా స్ఫురించేది కోర్టు వాయిదా. కంతుకు అక్కడ ‘తవణై’ అని వ్రాయాలి. జాబు చేతికిస్తే నకలు మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక తపాలాలో పంపేవారు స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోవాలి.

చట్టరీత్యా ఒక చిక్కు ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణ అప్పుకు దావా గడువు మూడేళ్ళు. ఆ గడువులోగా బాకీ ఉన్నదని వ్రాసి సంతకం చేస్తే మూడేళ్ళు మళ్ళీ మొదటినుండి లెక్క. గడువు తీరిన అప్పును సైతం తీరుస్తానని వ్రాసి ఇస్తే ఆ మాట చెల్లుతుంది. కాబట్టి పాత ప్రైవేటు బాకీల విషయంలో వకీలుకు చూపకుండా సంతకం పెట్టరాదు. ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకం ఏ దశలోనూ తగదు. చెక్కు చెల్లలేదని నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టకుంటే క్రిమినలు కేసుకు దారి ఏర్పడుతుంది.

ఆస్తి జప్తుకై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇచ్చే నోటీసుకు 60 రోజుల గడువు ఉంటుంది. దానికి అభ్యంతరం వ్రాసి పంపితే 15 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పి తీరాలి. వ్యవసాయ భూమి ఆ చట్టం పరిధిలోకి రాదన్నది రైతులలో పెక్కుమందికి తెలియని సంగతి.

వసూలుకు వచ్చేవారికీ హద్దులున్నాయి. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. బృందాల చిన్న అప్పులకు ఆ వేళలు 9 నుండి 6 వరకే. వారు ముందుగా ఒప్పుకున్న చోటనే వసూలు చేయాలి. వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి వెళ్ళవచ్చును. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫోను 14448.

కందువట్టి, మీటరువట్టి, తండల్ వ్యవహారం వేరు. తమిళనాడు 2003లోనే వీటిని నిషేధించి మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించింది. అయినా 2017 అక్టోబరులో తిరునెల్వేలి కలెక్టరు కార్యాలయం ముందు ఒక కూలి కుటుంబం ఇద్దరు పసిబిడ్డలతో నిప్పంటించుకున్నది కందువట్టి కారణంగానే. చట్టం పుస్తకంలో ఉంటే చాలదని ఆనాడు రాష్ట్రమంతా చూసింది. ఇటువంటి వడ్డీదారుతో నోటిమాటల బేరం వద్దు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు అడగాలి. ఇవ్వనంటే ఆ చట్టం ప్రకారమే బాకీ సొమ్మును కోర్టులో జమచేసి, అప్పు చెల్లినట్లు నమోదు చేయమని కోరవచ్చును. ఉచిత న్యాయసహాయానికి 15100 నంబరు ఉంది.

ఏకమొత్తపు పరిష్కారం కుదిరితే ఆ మాట కాగితం మీదికి వచ్చిన తరువాతనే సొమ్ము కట్టాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుండి నియమం.