కాలేయానికి వ్యాపించిన పెద్దప్రేగు కాన్సర్ - శస్త్రచికిత్స

పెద్దప్రేగులో గాని, పురీషనాళంలో గాని పుట్టిన కాన్సర్ కాలేయానికి వ్యాపించినపుడు, అక్కడి గడ్డలను చుట్టూ ఉన్న కొద్దిపాటి ఆరోగ్యకరమైన కణజాలంతో సహా కోసి తొలగించే చికిత్స ఇది. వైద్య పరిభాషలో కాలేయ భాగాన్ని తొలగించడాన్ని హెపటెక్టమీ అంటారు. వ్యాధి మరొక అవయవానికి చేరినందున దీనిని నాలుగవ దశగా పరిగణిస్తారు. చాలా రకాల కాన్సర్లలో ఆ దశ చేరిన తరువాత శస్త్రచికిత్సకు తావు తక్కువ. పెద్దప్రేగు కాన్సర్ దీనికి ముఖ్యమైన మినహాయింపు. గడ్డలన్నిటినీ తొలగించగలిగిన రోగులలో సుమారు 40 శాతం మంది ఐదేళ్ళకు పైగా జీవిస్తున్నారు. దాదాపు ఆరుగురిలో ఒకరికి వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

కాలేయానికే ఎందుకు?

ప్రేగులలో ఆహారాన్ని గ్రహించిన రక్తం నేరుగా గుండెకు పోదు. కాలేయ నిర్వాహక సిర ద్వారా ముందుగా కాలేయానికి చేరుతుంది. ప్రేగులోని గడ్డ నుండి విడిపోయిన కాన్సర్ కణాలు కూడా ఇదే మార్గాన ప్రయాణించి, కాలేయపు సన్నని రక్తనాళికలలో చిక్కుకొని అక్కడ పెరుగుతాయి. పెద్దప్రేగు కాన్సర్ రోగులలో సుమారు 15 నుండి 25 శాతం మందికి, వ్యాధి బయటపడిన నాటికే కాలేయంలో గడ్డలు ఉంటాయి. ఇవి కాలేయంలో పుట్టిన కాన్సర్ కావు. ప్రేగు కాన్సర్ కణాలే. కనుక మందులు కూడా ప్రేగు కాన్సర్‌కు ఇచ్చేవే ఇస్తారు.

చరిత్ర

రక్తస్రావ భయం వలన కాలేయాన్ని కోయడానికి వైద్యులు చాలాకాలం జంకేవారు. 1888లో జర్మనీకి చెందిన కార్ల్ లాంగెన్‌బుక్ కాలేయ భాగాన్ని తొలగించాడు. 1908లో గ్లాస్గో వైద్యుడు జేమ్స్ ప్రింగిల్, కాలేయంలోకి వెళ్ళే రక్తనాళాలను కొద్దిసేపు అదిమిపెట్టి రక్తస్రావాన్ని తగ్గించే పద్ధతిని వివరించాడు. ఇది నేటికీ వాడుకలో ఉంది. 1957లో ఫ్రెంచి వైద్యుడు క్లాడ్ కువినో, రక్తనాళాల శాఖలను బట్టి కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా విభజించి చూపాడు. ఒక్కొక్క ఖండానికి వేరుగా రక్తప్రసరణ ఉన్నందున, మిగిలిన వాటికి హాని కలగకుండా అవసరమైన ఖండాన్ని మాత్రమే తొలగించడం సాధ్యమైంది.

ఎవరికి చేయవచ్చు?

1980 దశకంలో గడ్డలు మూడుకు మించకుండా ఉంటేనే, వాటి చుట్టూ ఒక సెంటీమీటరు మేర మంచి కణజాలాన్ని తీయగలిగితేనే ఆపరేషన్ చేసేవారు. ఇప్పుడు ప్రశ్న మారింది. ఎన్ని గడ్డలు ఉన్నాయి అన్నదానికంటే, అన్నిటినీ తీసివేశాక ఎంత మంచి కాలేయం మిగులుతుంది అన్నదే ముఖ్యం. మిగిలే భాగానికి రక్తం వచ్చే, పోయే మార్గాలు, పైత్యరసం ప్రవహించే దారి చెడకుండా ఉండాలి. ఆరోగ్యవంతమైన కాలేయమైతే కనీసం 20 నుండి 25 శాతం మిగిలితే చాలు. ఎక్కువ కాలం కీమోథెరపీ తీసుకున్నవారికి 30 శాతం, కాలేయం గట్టిపడిన వారికి 40 శాతం కావాలి. కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉండటమే ఈ చికిత్సకు ఆధారం. మిగిలిన భాగం కొన్ని వారాలలోనే చాలావరకు పెరుగుతుంది.

మిగిలే కాలేయం చాలనపుడు

తీయబోయే భాగానికి వెళ్ళే నిర్వాహక సిర శాఖను ముందుగా మూసివేస్తే, రక్తమంతా రెండవ వైపుకు మళ్ళి ఆ భాగం కొన్ని వారాలలో పెరుగుతుంది. జపాన్ వైద్యుడు మకూచి 1980 దశకంలో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. రెండు వైపులా గడ్డలుంటే శస్త్రచికిత్సను రెండు విడతలుగా చేస్తారు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డలను సూదితో వేడి పంపి మాడ్చివేయడం కూడా తగిన రోగులలో శస్త్రచికిత్సకు సమానంగా పనిచేస్తుంది. కోయడానికి వీలుకాని గడ్డలు కాలేయంలో మాత్రమే ఉన్న, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులపై ఫ్రాన్సు తదితర దేశాలలో జరిగిన ట్రాన్స్‌మెట్ పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కీమోథెరపీతో పాటు కాలేయ మార్పిడి కోసం ఎంపికైన వారిలో ఐదేళ్ళు జీవించినవారు 57 శాతం కాగా, కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో 13 శాతం.

మందుల పాత్ర

శస్త్రచికిత్సకు ముందు, తరువాత కీమోథెరపీ ఇవ్వడం వాడుక. సాధారణంగా ఫ్లోరోయురాసిల్, ల్యూకోవొరిన్, ఆక్సాలిప్లాటిన్ కలిపి ఇస్తారు. ఫ్లోరోయురాసిల్ కాన్సర్ కణంలో డి.ఎన్.ఏ. తయారీకి కావలసిన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. ల్యూకోవొరిన్ ఆ పట్టును బిగిస్తుంది. ఈ ల్యూకోవొరిన్ ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940 దశకంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఈ చికిత్సలో తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయమిది.

మందులు ఎక్కువ కాలం వాడితే కాలేయమే దెబ్బతింటుంది. స్కానులో మాయమైన గడ్డ చాలా సందర్భాలలో నిజంగా నశించి ఉండదు. పైగా ఆపరేషన్ సమయంలో దానిని కనుగొనడం కష్టం. అందుచేత గడ్డలు కోయడానికి వీలైన స్థితికి రాగానే శస్త్రచికిత్స చేయడం మేలు.

ప్రమాదాలు, తదుపరి పరీక్షలు

అనుభవమున్న కేంద్రాలలో ఆపరేషన్ వలన మరణాలు 5 శాతం లోపే ఉంటాయి. రక్తస్రావం, పైత్యరసం కారడం, చీము పట్టడం, మిగిలిన కాలేయం విఫలం కావడం ప్రధాన ప్రమాదాలు. సగానికి పైగా రోగులలో వ్యాధి మళ్ళీ కనిపిస్తుంది. కనుక సి.ఇ.ఎ. రక్తపరీక్ష, సి.టి. స్కాన్ కొన్నేళ్ళపాటు క్రమం తప్పక చేయించుకోవాలి. తిరిగి వచ్చిన గడ్డ కాలేయానికే పరిమితమైతే రెండవసారి కూడా తొలగించవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో

తెనాలి - రేపల్లె రైలుమార్గంలోని భట్టిప్రోలు వంటి గ్రామీణ ప్రాంతాలవారు కాన్సర్ చికిత్సకు గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నగరాలకు వెళ్ళవలసి ఉంటుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో సంస్థ తోడ్పాటుతో నిర్మించిన కాన్సర్ కేంద్రం ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు కాన్సర్ శస్త్రచికిత్సలను, కీమోథెరపీని అందుబాటులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ అన్న పేరును పునరుద్ధరించారు.

మలంలో రక్తం కనబడితే మొలలని భావించి నాటుమందులతో కాలం గడపడం పల్లెలలో సాధారణం. అది కాన్సర్ లక్షణం కూడా కావచ్చు గనుక పరీక్ష చేయించుకోవడం అవసరం. కాలేయానికి పాకిందని తెలిసినంత మాత్రాన ఆశ వదులుకోరాదు. శస్త్రచికిత్సకు వీలులేదన్న నిర్ణయం కాలేయ శస్త్రచికిత్సలో అనుభవమున్న సర్జన్, కాన్సర్ మందుల నిపుణుడు, స్కానులు చదివే వైద్యుడు కలిసి పరిశీలించిన మీదటే తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

కాలేయం
పెద్దప్రేగు
కాన్సర్
యల్లాప్రగడ సుబ్బారావు